ఒంగోలు తమ్ముడి గిటార్ పైచెక్క పగిలింది, నేనైతే ఏం చేస్తానంటే

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను, ఫోటోలు కూడా పెద్దవి చేసి చూశాను. చదివే మిగతావాళ్లకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు నీ సంగతి క్లుప్తంగా చెప్తా. రెండేళ్ల కిందట ఒక మేకర్‌కి ఆర్డరిచ్చి చేయించుకున్న గిటార్. పైచెక్క స్ప్రూస్ అనే తేలికపాటి చెక్క, వెనకా పక్కలా రోజ్‌వుడ్. ఒంగోల్లో నీ పడగ్గదిలో ఏసీకి ఎదురుగా గోడ హుక్కుకి వేలాడుతూ ఉండేది. మే నెలాఖర్లో ఒకరోజు చూస్తే బ్రిడ్జి, అంటే పైచెక్క మీద తీగల కింది చివర్లు పట్టుకునే చెక్కముక్క, దాని వెనక నుంచి కింది అంచు వైపు పదకొండు సెంటీమీటర్ల పొడుగున సన్నటి పగులు, తడిమితే గోరుకి తగులుతోంది. మ్యూజిక్ షాపులో ఒకతను "సూపర్ గ్లూ పోసేద్దాం, ఐదొందలివ్వు" అన్నాడు, మీ వీధి వడ్రంగి ఫెవికాల్ పెట్టి లప్పం కొట్టి పాలిష్ చేస్తానన్నాడు. నీకు ఇద్దరి మాటా ఎక్కలేదు, అందుకే అడిగావు.

ఇద్దరికీ ఇవ్వకపోవడం మంచిదైంది. ఈ పగులు బాగవుతుంది. కానీ బంక పెట్టే పని మొత్తం మీద పావుగంటే, దానికి ముందు రెండు వారాలు నువ్వు ఓపిక పట్టాలి. ఆ రెండు వారాలు ఎందుకో అర్థమైతే మిగతాదంతా నీకే తెలిసిపోతుంది.

ఇప్పుడే, ఇది చదువుతూనే, లేచి వెళ్లి తీగలు వదులు చెయ్. పూర్తిగా ఊడదీయక్కర్లేదు, చేత్తో తాకితే వేలాడేంత వదులైతే చాలు. లైట్ గేజ్, అంటే సన్నరకం, స్టీల్ తీగలు ఆరూ సరిగ్గా ట్యూన్ చేసి ఉన్నప్పుడు బ్రిడ్జిని లాగే బలం దాదాపు డెబ్బై కిలోల పైనే ఉంటుంది. మూడు మిల్లీమీటర్లు కూడా లేని చెక్క మీద నిలువెత్తు మనిషి ఎక్కి కూర్చున్నట్టు. పగులున్న చెక్కతో ఆ బరువు మోయించొద్దు. తర్వాత గిటార్‌ని హుక్కు నుంచి దించి కేసులో పెట్టు, ఏసీ లేని గదిలో. వేలు పెట్టి ఆ పగులుని మాటిమాటికీ రుద్దకు, చేతి చెమటా నూనే లోపలికి పోతే రేపు బంక పట్టదు.

సూపర్ గ్లూ ఎందుకు వద్దంటున్నానో నా సొంత తప్పు చెప్తా. నాన్నది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో వడ్రంగి పని. తలుపులు, కిటికీలు, అప్పుడప్పుడూ మంచాలు. నేను చదువుకునే రోజుల్లో చర్చిలో వాయించే ఒక స్నేహితుడి గిటార్‌కి ఇలాగే పగులొస్తే, వడ్రంగి కొడుకుని కదా, నాకు రాదా అని ఫెవిక్విక్ లాంటి చిన్న ట్యూబు కొని పగులు పొడుగునా పోసేశాను. ఆ పల్చటి గమ్ము నీళ్లలా పారింది. పగుల్లోకి పోయింది సగం, పక్కన పాలిష్ మీదికి పాకింది సగం, తుడవబోతే గుడ్డ అతుక్కుని పాలిష్‌తో సహా ఊడొచ్చింది. అది కూడా సర్దుకోవచ్చు. అసలు కష్టం తర్వాత వచ్చింది. పగులు రెండు పక్కలా చెక్క గమ్ము తాగి నల్లటి చారలా తయారైంది, మళ్లీ చలికాలంలో కాస్త ఆరేసరికి ఆ చార పక్కనే కొత్త పగులు. ఈసారి ఏ బంకా పట్టలేదు, ఎందుకంటే చెక్క నార మొత్తం ప్లాస్టిక్ అయిపోయి ఉంది. ఆ గిటార్ పైచెక్క ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చిన్నచిన్న ముక్కలుగా కోసి అతుకులకి వాడుకుంటున్నా. నీ గిటార్‌కి కూడా దాన్లోంచే ఇస్తాలే.

న్యాయంగా ఒక మాట. చెయ్యి తిరిగిన రిపేరు పనివాళ్లు కొందరు సన్నటి పగుళ్లకి సూపర్ గ్లూ వాడతారు. వాళ్లు ముందు చెక్కకి లక్క పూత వేసి, పాలిష్‌ని కాపాడుకుని, చుక్కల్లో వేస్తారు. ఆ పని షాపు కౌంటరు మీద ఐదు నిమిషాల్లో అయ్యేది కాదు.

ఇక నీది నిజంగా చెక్క పగులేనా, లేక పైన పాలిష్ మాత్రమే చిట్లిందా? గోరుకి తగులుతోందంటే చెక్కేననిపిస్తుంది, అయినా చూసుకో. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపేసి, సౌండ్ హోల్‌లోంచి, అంటే పైచెక్క మధ్యలో ఉండే గుండ్రటి కన్నంలోంచి, సెల్‌ఫోన్ టార్చి గానీ చిన్న ఎల్‌ఈడీ గానీ లోపలికి వేసి బయట నుంచి చూడు. వేడెక్కే పాత బల్బు మాత్రం పెట్టకు. పగులు పొడుగునా సన్నటి వెలుతురు గీత కనిపిస్తే చెక్క పై నుంచి లోపలిదాకా పూర్తిగా చీలినట్టే. వెలుతురు కనిపించకపోతే, పగులుకి ఒక పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కి రెండో పక్క కదులుతుందో లేదో గమనించు. ఒక పక్క దిగి రెండో పక్క నిలబడిపోతే పగులు నిజమే. ఈ పరీక్షలు ఒక్కసారే చెయ్, సరదాగా ఉందని పదిసార్లు నొక్కి చూడకు.

ఎందుకు పగిలిందో చూద్దాం. చెక్క తేమ పీలిస్తే వెడల్పులో ఉబ్బుతుంది, ఆరితే వెడల్పులో ముడుచుకుంటుంది. పొడుగులో దాదాపు కదలదు. వర్షాకాలంలో మన తలుపులు బిగుసుకుపోయి, ఎండాకాలం రాగానే వదులవ్వడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. గిటార్ పైచెక్క కింద భాగం వెడల్పు సుమారు నలభై సెంటీమీటర్లు. చెక్కలోని తేమ పన్నెండు శాతం నుంచి ఎనిమిదికి పడిపోయిందనుకో, స్ప్రూస్ మామూలుగా కదిలే లెక్క ప్రకారం ఆ వెడల్పు రెండు మిల్లీమీటర్లకి పైనే తగ్గాలి. వదిలేస్తే హాయిగా తగ్గిపోయేది. కానీ లోపల బలం కోసం అడ్డంగా, ఏటవాలుగా బ్రేసులనే సన్నటి చెక్క పట్టీలు అతికించి ఉన్నాయి, చుట్టూ పక్క చెక్కలు పట్టుకుని ఉన్నాయి, మధ్యలో అడ్డంగా బ్రిడ్జి కూర్చుంది. వాటి నార పైచెక్కకి అడ్డంగా పోతుంది కాబట్టి అవి ముడుచుకోవు, దాన్నీ ముడుచుకోనివ్వవు. రెండు మిల్లీమీటర్లు ఎక్కడో ఒకచోట తెగి రావాల్సిందే. చెరువు ఎండితే అడుగున నెర్రెలు ఇచ్చేది ఇందుకే. మట్టి ముడుచుకుంటుంది, కింద నేల కదలదు.

ఇక్కడ నువ్వు ఒక మాట అడిగావు. "అన్నా, మనది సముద్రం పక్క ఊరు, ఎప్పుడూ ఉక్కే కదా, చెక్క ఆరడం ఏంటి?" బాగా అడిగావు. నవంబరులో వాయుగుండం పట్టినప్పుడు నా షాపులో గాలి తేమ చూపే మీటరు ఎనభై అయిదు శాతం దాకా చూపిస్తుంది. అదే మీటరు పోయిన మే నెలలో, రోహిణీ కార్తెలో, పడమటి గాలి తిరిగిన మధ్యాహ్నం మూడింటికి ఇరవై నాలుగు చూపించింది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే మళ్లీ అరవై. కనిగిరి, పొదిలి వైపైతే ఆ సముద్రపు గాలి కూడా అందదు. అంటే మన దగ్గర గిటార్‌కి కష్టం తెచ్చేది ఎండు వాతావరణం ఒక్కటే కాదు, తడికీ ఎండుకీ మధ్య ఈ ఊగులాట. దానికి తోడు నీ గదిలో పగలు పడమటి గాలి, రాత్రంతా ఏసీ గాలి సూటిగా పైచెక్క మీదికి. హుక్కుకి వేలాడుతుంటే అన్ని వైపుల నుంచీ గాలి తగులుతుంది కూడా.

ఇంకో అనుమానం. మేకర్ నీ గిటార్‌ని ఏ నెలలో చేశాడు, ఎంత తేమలో బ్రేసులు అతికించాడు? జాగ్రత్తగా చేసేవాళ్లు గదిని నలభై అయిదు, యాభై శాతం తేమ దగ్గర నిలబెట్టి, చెక్కని కొన్ని వారాలు అందులోనే ఉంచి ఆ తర్వాతే అతికిస్తారు. అలా చేసింది ఎండాకాలాన్ని చాలావరకు తట్టుకుంటుంది. వర్షాకాలంలో, డెబ్బై ఎనభై శాతం తేమలో, ఉబ్బి ఉన్న చెక్కని అలాగే బిగించేసి ఉంటే మాత్రం మొదటి ఎండాకాలమో రెండోదో దాన్ని చీల్చక మానదు. మేకర్‌కి ఫోన్ చేసి అడుగు, తగువు పడినట్టు కాకుండా మామూలుగా. రిపేరు చేసేవాడికి ఆ సమాధానం చాలా పనికొస్తుంది. అదే ఫోన్‌లో ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడుగు: పాలిష్ ఏంటి, లక్కా, నైట్రోసెల్యులోజ్ లాకరా, పాలీయురెథేనా? బ్రేసులకి వాడిన బంక ఏంటి? చేసినవాడు నాలుగు గంటల ప్రయాణంలో ఉంటే, "తీసుకురా, నేనే చేస్తా" అంటే మాత్రం ఇంకేం ఆలోచించకుండా తీసుకుపో. కాకపోతే కారు డిక్కీలో పెట్టి ఎండలో పార్క్ చేయకు. పగులు రిపేరుకి వెళ్లి బ్రిడ్జి ఊడి తిరిగొచ్చిన గిటార్ నాకు తెలుసు.

సరే, నువ్వే చేసుకుంటానంటే మొదటి పని చెక్కకి పోయిన తేమని మెల్లగా తిరిగి ఇవ్వడం. ముందు ఒక డిజిటల్ తేమ మీటరు కొను, మూడు నాలుగొందల్లో దొరుకుతుంది. దాన్ని గుడ్డిగా నమ్మకు. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసకలా అయ్యేదాకా చుక్కచుక్కగా నీళ్లు కలుపు. ఆ మూతనీ మీటరునీ ఒక జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి ఒకరోజు ఉంచు. డెబ్బై అయిదు చూపించాలి. డెబ్బై చూపిస్తే నీ మీటరు ఐదు తక్కువ చెప్తోందని గుర్తు పెట్టుకో, అంతే. దీనికి ప్యాకెట్ ఉప్పే వాడు. మన ఇస్కపల్లి కొఠార్ల కళ్లుప్పు చేపల పులుసుకి బాగుంటుంది గానీ ఈ పరీక్షకి పనికిరాదు, సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు ఉంటాయి, అవి ఇంకా తక్కువ తేమకే చెమ్మగిల్లుతాయి, లెక్క తప్పుతుంది.

తర్వాత ప్రయాణాల్లో వాడే ప్లాస్టిక్ సబ్బు పెట్టె ఒకటి తీసుకుని, మూతకి పది పన్నెండు బెజ్జాలు పెట్టు. లోపల గిన్నెలు తోమే స్పాంజి ముక్క, కొత్తది, తడిపి గట్టిగా పిండి పెట్టు. గట్టిగా అంటే బోర్లించినా చుక్క రాలకూడదు. ఒక పెట్టె కేసులో గిటార్ తల పక్కన, ఇంకోటి చిన్నది తీగలకి కట్టి సౌండ్ హోల్‌లోకి వేలాడేలా. మీటరు కూడా కేసులోనే. యాభై, యాభై అయిదు మధ్య నిలవనివ్వు. అరవై దాటితే స్పాంజి తీసెయ్. బూజు వాసన వస్తే కొత్త స్పాంజి మార్చు.

పగులు మీద తడి గుడ్డ వేయడం, ఆవిరి పట్టడం లాంటివి చేయకు. పాలిష్ తెల్లబడుతుంది, ఒక్కచోటే ఉబ్బి చెక్క వంకరపోతుంది. ఏసీ లేని గదిలో ఉంచి, జూన్ జులైలో సముద్రపు గాలి తగిలితే సగం పని అదే చేస్తుంది. రోజూ అదే వేళకి పగులు ఫోటో తియ్, పక్కన స్కేలు పెట్టి. అయిదారు రోజులకి దగ్గరపడటం కనిపిస్తుంది, పది పదిహేను రోజులకి చాలా పగుళ్లు వెంట్రుకంత సన్నమైపోతాయి. కొన్నైతే ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. అప్పుడే మోసపోతారు చాలామంది. "అరే, మూసుకుపోయిందిగా" అని తీగలు బిగించేసి వాయించడం మొదలుపెడతారు. మూసుకుంది గానీ అతుక్కోలేదు. వచ్చే ఎండాకాలం ఇంకో రెండు అంగుళాలు ముందుకెళ్తుంది.

పగులు దగ్గరపడుతున్న రోజుల్లో లోపల కూడా చూసుకో. మోటార్‌సైకిల్ అద్దం ఊడిపోయింది ఒకటి ఇంట్లో ఉంటే చాలు, సౌండ్ హోల్‌లోంచి దించి టార్చి వేసి బ్రేసులన్నీ చూడు. ప్రతి బ్రేసు అంచు కిందా పల్చటి కాగితం ముక్క దూరుతుందేమో తోసి చూడు, ముఖ్యంగా పగులు దాటిపోయే బ్రేసు దగ్గర. దూరిందంటే బ్రేసు కూడా లేచింది, దాన్ని ముందు పని తెలిసినవాళ్లతో అతికించుకోవాలి. వేళ్ల కణుపులతో పైచెక్క మీద చిన్నగా తట్టుకుంటూ పోతే కూడా తెలుస్తుంది, ఊడిన బ్రేసు దగ్గర గరగరమని చప్పుడొస్తుంది.

ఇక బంక. నా మొదటి ఓటు పాత వడ్రంగులు వజ్రం అనేదానికే, పశువుల తోలూ ఎముకల నుంచి తీసే బంక, సరేసు అని కూడా అంటారు. నాన్న దగ్గర దానికో ప్రత్యేకమైన ఇత్తడి గిన్నె ఉండేది, ఆ వాసనకి అమ్మ పెరట్లోనే కాచుకోమనేది. బంక పలుకులు ఒక వంతుకి దాదాపు రెండు వంతుల చల్లటి నీళ్లు పోసి కొన్ని గంటలు నాననిచ్చి, ఆ గిన్నెని వేడినీళ్ల గిన్నెలో పెట్టి అరవై డిగ్రీల పైన కొద్దిగా, అంతే, కరగబెట్టాలి. మరిగిస్తే బలం పోతుంది. ఆరాక గాజులా గట్టిగా ఉంటుంది, పగులుని తనే దగ్గరికి లాక్కుంటుంది, తర్వాత ఎవరైనా విప్పాలనుకుంటే వేడీ తడీ ఇస్తే వదులుతుంది, పాత బంక మీదే కొత్త బంక పడుతుంది. చలి దేశాల్లో దీనితో ఒకటే ఇబ్బంది, నిమిషం లోపలే గడ్డకట్టేస్తుంది, చెక్కని వెచ్చబెట్టుకోవాలి. మన నెల్లూరు ఎండలో ఆ బెంగ తక్కువ, కాస్త ఎక్కువ టైము దొరుకుతుంది. అయితే దీన్ని మొదటిసారే నీ మంచి గిటార్ మీద ప్రయోగించొద్దు.

నీకైతే టైట్‌బాండ్ ఒరిజినల్, ఎర్ర లేబుల్ ఉన్నది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అందులోనే రెండో రకం, మూడో రకం ఉంటాయి, నీటికి తట్టుకునేవి. అవి తీసుకోకు, రేపు విప్పాల్సి వస్తే చుక్కలు చూపిస్తాయి. మామూలు తెల్ల ఫెవికాల్ మన మంచాలకీ బీరువాలకీ ఎంత బాగున్నా ఇక్కడ నాకు నచ్చదు. ఆరాక కూడా కాస్త మెత్తగా ఉంటుంది, ఎప్పుడూ లాగుతూనే ఉండే తీగల బరువుకి ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది. లప్పం సంగతి సరేసరి. లప్పం అంటే పగులుని అలాగే తెరిచి ఉంచి దాని నిండా మట్టి నింపడం. వర్షాకాలంలో చెక్క ఉబ్బితే ఆ మట్టి మేకులా పనిచేసి చీలికని ఇంకా పెద్దది చేస్తుంది. రంపపు పొట్టులో బంక కలిపి కూరడం కూడా ఇదే బాపతు.

అతికించే రోజు ఒకసారి బంక లేకుండా మొత్తం ఆడించి చూడు. అయస్కాంతాలు ఎక్కడ, గుడ్డ ఎక్కడ, ఏది ముందు, ఏది తర్వాత. బంక పూశాక నీకు ఉండేది ఐదు నిమిషాలే, అప్పుడు "అమ్మా, పాలిథిన్ కవరెక్కడ" అని అరుస్తూ తిరిగితే పని చెడుతుంది. గిటార్‌ని మడతపెట్టిన దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టు. పగులుకి రెండు పక్కలా ఒక మిల్లీమీటరు దూరంలో పెయింటర్లు వాడే కాగితం టేపు వెయ్. పాలిష్ లక్కదైతే ఆ టేపు కూడా ముందు ఒక మూలన పరీక్షించు.

బంక గీతలాగా పగులు మీద పోసి వేలితో అడ్డంగా రుద్దుతూ లోపలికి దించు. రెండో చెయ్యి సౌండ్ హోల్‌లోంచి లోపలికి పెట్టి పగులు కింద వేళ్లతో పైకి కిందికి చాలా చిన్నగా, చిన్న అంటే కాగితం మందమంత, ఆడించు. చెక్క బంకని పీల్చుకుంటుంది. నేను ఇంకో కిటుకు వాడతా, బాత్‌రూమ్ టైల్స్‌కి అంటించే రబ్బరు కప్పు ఉంటుంది కదా, టవలు హుక్కుది. దాన్ని బంక మీద పెట్టి రెండు మూడుసార్లు నొక్కితే బంక పగులు లోపలికి దిగి అవతల బయటికొస్తుంది. లోపలి వైపు వేలికి తడి తగిలిందంటే పగులు నిండా బంక చేరినట్టు. పొడుగంతా అలా తగలాలి.

ఇప్పుడు రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడాలి. పని అందంగా ఉంటుందా చెడుతుందా అనేది ఇక్కడే. కళ్లతో చూస్తే తెలియదు, కళ్లు మూసుకుని వేలి కొసతో అడ్డంగా తడిమితే మెట్టు తెలుస్తుంది. అంచులు సమం చెయ్యడానికి నియోడిమియం అయస్కాంతాలు వాడు, చిన్నవైనా చాలా గట్టిగా లాగుతాయి. లోపల ఒక అయస్కాంతం, బయట పల్చటి పర్స్‌పెక్స్, అంటే గాజులా కనిపించే ప్లాస్టిక్, ముక్క, దానిమీద ఇంకో అయస్కాంతం. రెండు వైపులా చెక్కకి తగిలే చోట పాలిథిన్ కాగితం, లేకపోతే పర్స్‌పెక్స్ కూడా గిటార్‌లో భాగమైపోతుంది. పర్స్‌పెక్స్ ఎందుకంటే దాంట్లోంచి పగులు కనిపిస్తూ ఉంటుంది. మూడు నాలుగు జతలు పెడితే అంచులు రెండూ ఒకే మట్టానికి వచ్చి కూర్చుంటాయి. ఏ ముఖం ఏ ముఖాన్ని లాగుతుందో ముందే పెన్నుతో గుర్తు పెట్టుకో. అయస్కాంతాన్ని గాల్లోంచి వదలకు, పక్కనుంచి జరుపుతూ తీసుకురా. ఒకసారి నా చేతిలోంచి జారి టప్పుమని అతుక్కుంది, పైచెక్క మీద పావలా బిళ్లంత సొట్ట, అది వేరే రిపేరు.

పక్కల నుంచి నొక్కడానికి క్లాంపులు, అంటే స్క్రూతో బిగించే పెద్ద పట్టుళ్లు, వాడొద్దు. తేమ సరిగ్గా ఇచ్చి ఉంటే పగులు తనంతట తనే మూసుకుని ఉంటుంది, అడ్డంగా నాలుగు టేపులు లాగి అంటిస్తే చాలు. బలవంతంగా బిగిస్తే తప్ప మూసుకోవట్లేదంటే చెక్కకి ఇంకా తేమ చాల్లేదు. ఆపెయ్, కడిగెయ్, ఇంకో వారం ఆగు. బయటికొచ్చిన బంకని కాస్త తడి గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డతో తుడువు. రాత్రంతా కదపకు. తీగల సంగతి ఇంకా మర్చిపో.

మర్నాడు లోపలి వైపు అతుకు బిళ్లలు వెయ్యాలి, వీటినే క్లీట్లు అంటారు. స్ప్రూస్‌తోనే చెయ్యాలి, పన్నెండు పదిహేను మిల్లీమీటర్ల చదరం, రెండు మిల్లీమీటర్ల కంటే మందం వద్దు, అంచులు నాలుగూ పల్చగా దిగిపోవాలి, పూతరేకులా. బిళ్ల నార పగులుకి అడ్డంగా పోవాలి. పగులు వెంబడే నార పెడితే పగిలిన చోటే బిళ్ల కూడా చీలుతుంది, ఎందుకు పెట్టినట్టు. నీ పదకొండు సెంటీమీటర్లకి మూడు చాలు, నాలుగేసి సెంటీమీటర్లకి ఒకటి చొప్పున, ఒకటి పగులు ఆగిన చివర దగ్గరగా. ఎక్కువ పెడితే ఇంకా గట్టిగా ఉంటుందని పది పెట్టినవాళ్లున్నారు, పైచెక్క మోగాలి కదా నాయనా, దాన్ని బల్లలా చేస్తే ఎలా? ఒకాయన ఉదయగిరిలో స్పూన్లు, గరిటెలు చెక్కే చెక్క తెచ్చి బిళ్లలు చేసిపెట్టమన్నాడు, మన జిల్లా చెక్క కదా అని. ఆ పనివాళ్ల చెయ్యి గొప్పది, ఆ చెక్క నునుపు కూడా గొప్పదే, కానీ గరిటెకి కావాల్సిన గట్టిదనం పైచెక్కకి బరువు. స్ప్రూస్‌కి స్ప్రూసే.

బిళ్లలు మట్టంగా రుద్దడానికి నా దగ్గర చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క ఒకటుంది, అడుగు చదరం. కటింగ్ షెడ్డు బయట పారేసిన తుక్కులోంచి తెచ్చుకున్నా. పాలిష్ చేసిన ఆ రాయంత చదునైన బల్ల ఏ వడ్రంగి దగ్గరా ఉండదు. దానిమీద ఉప్పు కాగితం టేపుతో అంటించి బిళ్లని నాలుగు తిప్పులు తిప్పితే అద్దంలా వస్తుంది. మీ ఒంగోలు నుంచి చీమకుర్తి ఎంత దూరం, ఒకరోజు వెళ్లి ఒక ముక్క తెచ్చుకో, జీవితాంతం పనికొస్తుంది. బిళ్లకి బంక పూసి, వేలి కొస మీద పెట్టుకుని లోపలికి తీసుకెళ్లి, మళ్లీ అయస్కాంతాలతోనే పట్టించు. ఆ జాగాలో ముందు దుమ్ము తుడిచి ఉండాలి, చాలామంది ఇది మర్చిపోతారు, రెండు నెలల తర్వాత గిటార్ ఊపితే లోపల బిళ్ల గలగలలాడుతుంది.

రెండు వారాలు తేమ ఇచ్చినా పగులు అర మిల్లీమీటరో ఇంకా ఎక్కువో తెరుచుకునే ఉంటే సంగతి వేరు. అప్పుడు అదే రకం పాత స్ప్రూస్‌తో సన్నటి చీలిక చెక్కి, అడుగు సన్నగా పైన వెడల్పుగా, నార గీతలు పైచెక్క గీతలతో కలిసేలా పగుల్లోకి దించి అతికించి, ఉలితో మట్టం చెయ్యాలి. ఇది రాయడానికి ఒక వాక్యమే గానీ చెయ్యడానికి నాకు ఒక పూట పడుతుంది, పాడైన గిటార్ల మీద కనీసం ఐదారుసార్లు చెయ్యకుండా నువ్వు దీని జోలికి పోకు. అలాగే పగులు బ్రిడ్జి కిందికి దూరి ఉన్నా, వేళ్లతో తీగలు నొక్కే ఫ్రెట్‌బోర్డు పక్కన వచ్చినా, బ్రేసు లేచి ఉన్నా ఇంట్లో చేసే పని కాదు. చెన్నైలో, బెంగళూరులో గిటార్లు బాగుచేసేవాళ్లున్నారు, బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లు.

పాలిష్ గురించి పెద్దగా చెప్పను. గీత కనిపిస్తుంది, కనిపించనీ. పూర్తిగా మాయం చెయ్యాలనే ఆశతో పైచెక్క మొత్తం రుద్ది కొత్త పాలిష్ కొట్టించినవాళ్లు పగులు కంటే ఎక్కువ నష్టం చేసుకున్నారు. లక్క పాలిష్ అయితే లక్క రేకులు స్పిరిట్‌లో కరిగించి సన్నటి బ్రష్షుతో గీత పొడుగునా చుక్కచుక్కగా, రోజుకి రెండు మూడుసార్లు, వారం పాటు నింపు. పైకి కొద్దిగా ఉబ్బెత్తుగా వచ్చాక ఇంకో వారం ఆరనిచ్చి, బ్లేడుకి రెండు చివర్లా టేపు చుట్టి ఆ మధ్య భాగంతో మెల్లగా గీకు. టేపు మందం పాలిష్‌ని కాపాడుతుంది, ఉబ్బు మాత్రమే లేస్తుంది. లాకరైతే ఇదే పద్ధతి లాకర్‌తో. పాలీయురెథేన్ అయితే వదిలెయ్, పాత పూత మీద కొత్తది కలవదు, ఏం చేసినా గీత చుట్టూ అంచు కనిపిస్తూనే ఉంటుంది.

తీగలు ఒక్కసారిగా పూర్తి ట్యూనింగ్‌కి తేవద్దు. బిళ్లలు అతికించాక కనీసం ఒక రోజంతా ఆగి, మొదటి రోజు రెండు మూడు స్వరాలు కిందికి ట్యూన్ చేసి ఉంచు, తర్వాతి రోజు ఒకటి, ఆ తర్వాతి రోజు పూర్తిగా. కొన్నాళ్లు పన్నెండు సెట్ బదులు ఇంకాస్త సన్నటి పదకొండు సెట్ తీగలు వేసుకుంటే ఇంకా నయం. శబ్దం మారుతుందేమో అని టెన్షన్ పడుతున్నావు కదా, మూడు చిన్న బిళ్లలకి నీ చెవికి తేడా తెలియదు, నా చెవికీ తెలియదు.

ఇక మీదట గోడ హుక్కు వద్దు, ఏసీ గదైనా కాకపోయినా. వాయించనప్పుడు కేసులో. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సబ్బు పెట్టె లోపల, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దానికి బదులు తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు. మీటరు కేసులోనే ఉండాలి, వారానికొకసారి కేసు తెరిచినప్పుడు ఒక చూపు.

ముందు ఈ రాత్రి టార్చి వేసి చూసి, వెలుతురు గీత కనిపించిందో లేదో, పగులు బ్రిడ్జి అంచు దగ్గరే ఆగిందో కిందికి దూరిందో చెప్పు. లోపలి నుంచి తీసిన ఫోటో ఒకటి, ఉప్పు పరీక్ష చేశాక మీటరు ఎంత చూపించిందో కూడా రాయి. పాలిష్ ఏంటో మేకర్ చెప్పేదాకా పగులు మీద ఏ ద్రావకంతోనూ తుడవకు. బిళ్లలకి స్ప్రూస్ ముక్కలు నా దగ్గరున్నాయన్నాగా, నెల్లూరు వచ్చే మనిషి ఎవరైనా ఉంటే చెప్పు, ఇచ్చి పంపుతా.